గుర్రం లేసిందా అన్నా?

ఆ ఫోటోలో గుర్రం నిండుగా ఉంటుంది, మా నాయన బొటనవేలంత ఉంటాడు. నలుపు తెలుపు ఫోటో, అంచులు పసుపు తిరిగాయి. నాలుగు రోడ్లు కలిసే చోట ఎత్తైన రాతి దిమ్మె, దాని మీద కంచు గుర్రం, ముందరి కాలొకటి గాలిలోకి ఎత్తి ఉంటుంది. గుర్రం మీద రాజు. తలకు పాగా, చేతిలో కత్తి. దిమ్మె కింద ఎడమ మూలన తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో సంచి పెట్టుకున్న మనిషి ఒకడు. మొహం పోల్చలేం. ఆ చారల సంచి అమ్మ కుట్టింది కాబట్టి అది నాయనే అని మేం చెప్పగలం.

డెబ్బైల మొదట్లో మా ధర్మవరం నేతగాళ్ళు నలుగురు కలిసి జరీ చూసి రావడానికి సూరతు పోయారు. దారిలో రైలు మారడానికి ఒక పెద్ద ఊళ్ళో పూటంతా ఆగాల్సి వచ్చింది. ఆ ఊరిని నాయన ఒకసారి బొంబాయి అనేవాడు, ఇంకోసారి పూనా అనేవాడు. రాజు పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే రాజంటే రాజే అనేవాడు. మూడు కాళ్ళ స్టాండు మీద నల్లగుడ్డ కప్పిన కెమెరాతో ఒకడు ఆ కూడలిలో ఫోటోలు తీస్తున్నాడట. దగ్గరగా నిలబడితే మొహం బాగా పడుతుందని వాడు చేతులూపి చెప్పాడట. నాయన వినలేదు. గుర్రం తోకతో సహా రావాలి, రాజు పాగాతో సహా రావాలి, నేను ఏదో ఒక పక్క నిలబడతానని చెప్పి, వెనక్కి వెనక్కి నడిచి ఆ మూలకు చేరాడు.

ఫోటో ఇంటికి వచ్చిన రోజు అమ్మ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అంత దూరం పోయి ఫోటో దిగితే నీ మొహం ఎక్కడుందని నిలదీసింది. నాయన తొణకలేదు.

"నా మొగం రోజూ సూస్తానే ఉండావు గదా. ఆ గుర్రం మళ్ళీ యాడ దొరుకుతాది?"

ఇంతకీ ఆయన చూసింది గుర్రాన్ని కాదు, రాజునూ కాదు. గుర్రం వీపు మీద పరిచిన గుడ్డను. ఆ గుడ్డకు పోతపోసినవాడు అంచు పెట్టాడట, అంచులో తీగ, తీగలో మొగ్గలు, చివర కుచ్చులు. కంచులో అంచు నేసినాడప్పా వాడు అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఫోటోలో ఆ అంచు కనబడదు, మసకగా ఒక గీత మాత్రం ఉంటుంది. నాయన ఎంత చెప్పాడంటే, నాకది కళ్ళు మూసుకున్నా కనబడేది.

ఇప్పుడు మా ఊళ్ళో కొంగు మీద బొమ్మ చూడగానే ఇది ఆయమ్మ గీత అని చెప్పే పట్టుచీరల సావుకార్లున్నారు. గొప్పలు చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నాకు చిన్నప్పటి నుంచీ నా చెయ్యి మీద నమ్మకం ఎక్కువ. బడిలో పలక మీద లెక్క తప్పినా, పక్కన వేసిన పిచ్చుక తప్పేది కాదు. పదో తరగతి పాసయ్యాక మాత్రం ఆ చేతికి దొరికింది రాట్నం. నేతగాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని పట్టు పోగును రాట్నం మీద కండెలు చుట్టడం. మగవాడు మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే, అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి ఆ కండెలు అందించడం. తప్పు పని కాదు. కానీ జీవితమంతా అదే అంటే నాకు ఒళ్ళు మండేది.

నాకు కావలసింది గళ్ళ కాగితం. అప్పటికి మా వీధిలో ఒక్కొక్క మగ్గం మీదికీ జాకార్డు పెట్టె ఎక్కుతోంది. కాగితం మీద గళ్ళల్లో బొమ్మ గీస్తే, ఒక్కో వరుసకు ఒక అట్ట చొప్పున బెజ్జాలు కొడతారు. ఆ అట్టలను నెంబరు వరుసలో దండగా కట్టి పెట్టెకు తగిలిస్తే, ఏ వరుసలో ఏ దారం లేవాలో అదే లేపుతుంది. ఆ గళ్ళు గీసే మనిషి ఊరికంతటికీ ఒకడే, డిజైను మేస్త్రీ. పని నేర్చుకుంటానని నాయనను వెంటబెట్టుకుని పోతే, ఆయన నా వైపు చూడకుండా నాయనతో మాట్లాడాడు. ఆడపిల్లకు నేర్పినా ఇంకో ఇంటికి పోయేదే, నా కష్టం నీళ్ళపాలు అని. నాయన గడప దాకా వచ్చి ఆగి, ఒక డిజైను నా బిడ్డే గీసి, నేను నేసి, సావుకారు మెచ్చితే చేర్చుకుంటావా అని అడిగాడు. మేస్త్రీ నవ్వి, అట్లయితే చేర్చుకుంటాలే అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అది వరసగా రెండో కరువు సంవత్సరం. వాన లేకపోతే వేరుశనగ లేదు, వేరుశనగ లేకపోతే ఊళ్ళల్లో పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేకపోతే మా వీధిలో మగ్గాల చప్పుడు పలచబడుతుంది. సావుకారు అంగట్లో మామిడి పిందెల కొంగులు బీరువాల నిండా పడున్నాయి. ఏమన్నా కొత్తగా చేసుకు రండప్పా అని కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. నాయన ఇంటికొచ్చి ఫోటో తీసి నా ముందు పెట్టాడు.

నేను చేసిన మొదటి పని ఆ ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీయడం. అమ్మ చూసి గోల పెట్టింది, ఉన్న ఒక్క ఫోటో మీద చారికలు కొట్టావని. గళ్ళు లేకుండా గుర్రం గళ్ళల్లోకి ఎట్లా వస్తుంది? ఫోటోలో ఒక గడి, కాగితం మీద పన్నెండు గళ్ళు. ఎత్తిన కాలు ఒక్కటే నాలుగు రోజులు తిన్నది. నాలుగో కాలు కూడా నేలకు ఆనిస్తే సులువని మేస్త్రీ దగ్గర పనిచేసే మనిషి ఒకాయన సలహా చెప్పాడు. నేను వినలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, నేను గీసిన గుర్రం నిలబడేదీ మూడు కాళ్ళ మీదే. వీపు మీద గుడ్డకు నాయన చెప్పిన తీగ, మొగ్గలు, కుచ్చులు అన్నీ పెట్టాను. అవి వచ్చాక నాయన కాగితాన్ని గోడకు ఆనించి దూరంగా నిలబడి చూసి, ఇదే ఇదే అన్నాడు. నేను వరుసలకు నెంబర్లు వేసి, అట్టలు కొట్టించడానికి ఇచ్చాను.

ఎండాకాలం పొడిగాలికి పట్టు పోగు తెగుతుంది. కొళాయి రెండు రోజులకోసారి వచ్చినా, మగ్గం గుంత చుట్టూ చల్లడానికి ఒక బిందె పక్కన పెట్టేవాళ్ళం. మా ఇంటి పద్ధతిలో ముందు చీర ఒళ్ళు నేసి, చివరికి కొంగు నేస్తాం. కొంగుకు వచ్చేసరికి మా ఇల్లు తిరణాల అయింది. ముందు గిట్టలు వచ్చాయి, తర్వాత మోకాళ్ళు, పొట్ట, గుడ్డ అంచు. గుంతలో కూర్చున్నవాడి కళ్ళెదుట గుర్రం కింది నుంచి పైకి లేచి నిలబడుతోంది. వీధిలో ఎవరు టీకి పోతున్నా ఒకసారి తొంగిచూసి పోయేవాళ్ళు. మగవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేను రాట్నం దగ్గర కూర్చుని, వినబడనట్టు వింటూ ఉండేదాన్ని.

ఒక సాయంత్రం నాయన నాడె పక్కన పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. పోగు తెగిందేమోనని లేచి వెళ్ళాను. ఏం లేదు, రాజు మొగం బాగా వస్తాండాది అన్నాడు. మళ్ళీ నాడె అందుకున్నాడు.

చీర కోసి, మడిచి, నాయనా నేనూ సావుకారు అంగడికి పోయాం. మేస్త్రీ ముందే వచ్చి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. కొంగు విప్పి పరిస్తే సావుకారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. రాజు మీసాల దగ్గర వేలు పెట్టి, ఈ పని ఎవరిదని అడిగాడు. నాయన నా వైపు చూపించాడు. సావుకారు సంతోషంగా, భుజాన వేసుకుని చూపించమ్మా, మనిషి మీద ఎట్లుంటుందో చూద్దాం అన్నాడు. నేను కొంగు ఎడమ భుజం మీదుగా వెనక్కి వేసుకుని, వాళ్ళకు వీపు తిప్పి నిలబడ్డాను.

నా వీపు నాకు కనబడదు కదా. అంగట్లో గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నేను కొంగు ముందుకు లాక్కుని చూసుకున్నాను. రాజు తలకిందులుగా వేలాడుతున్నాడు. పాగా నేలకు, గుర్రం గిట్టలు నా భుజానికి.

ఇందులో మర్మమేమీ లేదు. కొంగు చివర నేస్తాం కాబట్టి, నేసేవాడి కంటికి నిలువుగా నిలబడ్డ బొమ్మ, కట్టుకున్న మనిషి వీపు మీద తలకిందులవుతుంది. మొదట పాగా నేసి చివరికి గిట్టలు నేస్తే గానీ సరిగ్గా రాదు. మాకెవరికీ తట్టలేదు. మామిడి పిందెకు, రుద్రాక్షకు తల ఎక్కడ, కాళ్ళెక్కడ? తరతరాలుగా చీరలు నేసిన మగవాళ్ళు ఒక్కరూ చీర కట్టుకున్నవాళ్ళు కారు. కట్టుకునే నేనూ గళ్ళే చూశాను గానీ నా భుజం సంగతి మరిచిపోయాను.

అప్పుడింత ఆలోచన లేదు. మేస్త్రీ నోరు తెరవబోయాడు. అంతకంటే ముందే నాయన లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది సావుకారీ. అట్టలు నేను తిరగేసి కట్టినా. బిడ్డ గీసింది సరిగ్గానే ఉండాది."

ముప్పై ఏళ్ళు మగ్గంలో కూర్చున్న మనిషి అట్టల దండ తిరగేసి కట్టానని నలుగురిలో చెప్పడమంటే, వంటమనిషి ఉప్పుకు బదులు చక్కెర వేశానని పెళ్ళిపందిట్లో చెప్పడం లాంటిది. సావుకారు పెదవి విరిచాడు. తప్పు పడిన చీర నేసినవాడి ఇంటికే పోవాలి, అది ఊరి కట్టు. మేస్త్రీ మాత్రం కొంగును మళ్ళీ పరిచి, ఎత్తిన కాలు మీద వేలుతో మెల్లగా గీస్తూ చాలాసేపు చూశాడు. గీత తప్పు లేదన్నాడు. సోమవారం నుంచి పంపమన్నాడు.

నేను నాయన మాట నమ్మాను. నమ్మడం నాకు సులువు. దారిలో ఆయన మీద విసుక్కున్నాను కూడా, అంత కష్టపడి గీస్తే దండ చూసి కట్టుకోలేకపోయావా అని. ఆయన చారల సంచి ఊపుకుంటూ నడుస్తూ, అయిపోయినాది పోనీలే అన్నాడు. సంచిలో చీర ఉంది.

ఆ చీరకు అమ్మ యజమానురాలయింది. పట్టు నేసే ఇంటి ఆడవాళ్ళు పట్టు కట్టుకోవడం మా వీధిలో లేదు. నూలు చీర కట్టుకుని పట్టుకు కండెలు చుట్టడమే. అమ్మ ఆ చీరను పుట్టింటివాళ్ళ ఊరు బత్తలపల్లెలో పెళ్ళికి కట్టుకుపోయింది. వెనక కూర్చున్నవాళ్ళు మెడలు వంచి వంచి రాజును చూస్తుంటే, ఒకావిడ ఉండబట్టలేక బొమ్మ బోర్లా ఉందని చెప్పింది. రాజు పడితే పడనీ, చీర నాది అంది అమ్మ. పదేళ్ళు ప్రతి పెళ్ళికీ అదే కట్టింది.

నాయనకు మిగిలింది పేరు. మరుసటి రోజు టీ అంగడి దగ్గర ఎవడో అడిగాడు, గుర్రం లేసిందా అన్నా అని. అంతే, అది వీధిలో పలకరింపు అయిపోయింది. తిన్నావా అన్నట్టు, నీళ్ళొచ్చాయా అన్నట్టు, గుర్రం లేసిందా అన్నా. నాయన ఎవరి మీదా కసురుకోలేదు. ఇంకా ల్యా, ఎండకు పండుకోనుండాది అనేవాడు. చిన్నపిల్లలు కూడా అడిగేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. అంతటితో ఆగితే బాగుండేది. మేస్త్రీ దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు అట్టల దండ జాగ్రత్తగా కట్టాలని చెప్పడానికి నేను మా నాయన కథే చెప్పేదాన్ని. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఎనభైలు వచ్చేసరికి మేస్త్రీ చూపు మందగించి, గళ్ళ పనంతా నా చేతికి వచ్చింది. పెళ్ళి చేసుకున్నాను, రెండు వీధుల అవతలే కాపురం. ఇంకో ఇంటికి పోయేదే అన్న మేస్త్రీకి ఆ ఇల్లు ఎంత దూరమో చూపించినట్టయింది. నా గదిలో ముగ్గురు ఆడపిల్లలు గళ్ళు నేర్చుకునేవాళ్ళు. అప్పుడొక రోజు సావుకారు కబురు పెట్టాడు. బెంగుళూరు అంగడివాళ్ళు కొంగు మీద బొమ్మలు అడుగుతున్నారు, ఆ పాత గుర్రం మళ్ళీ చెయ్యగలవా అని. చెయ్యగలనా అని నన్ను అడుగుతాడా అనుకుంటూ ఫోటో కోసం పుట్టింటికి పోయాను. నాయన ఇంట్లో లేడు. అమ్మ రేకుపెట్టె తాళం చేతికిచ్చి, అడుగున చూడమంది.

ఫోటో ఒక పెద్ద కాగితం మడతలో ఉంది. విప్పితే అది నా గ్రాఫే, గుర్రాన్ని గీసిన గళ్ళ కాగితం. ఆ రోజు అంగడి నుంచి వచ్చాక అదెటు పోయిందో నేను అడగను కూడా లేదు. నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. పదహారేళ్ళ పిల్ల గీతకు బాగుందని నన్ను నేను మెచ్చుకున్నాను. తర్వాత పక్కన నెంబర్లు చూశాను.

ఒకటో నెంబరు గిట్టల దగ్గర ఉంది. చివరి నెంబరు పాగా కొనన ఉంది. నా చేతిరాత. ఒకటికి కింద అడ్డగీత పెట్టే నా అలవాటుతో సహా. నాయన దండ తిరగేసి కట్టలేదు. నేను ఇచ్చిన నెంబర్ల వరుసలోనే కట్టాడు. తిరగేసి కట్టి ఉంటే రాజు నిటారుగా నిలబడేవాడు. ఆడలేనిది నేను, ఓడు అనిపించుకున్నది మద్దెల. అక్కడే కూర్చుని ఏడ్చాను.

నాయన వచ్చేసరికి కాగితం ఇంకా నేల మీదే ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. తిరిగొచ్చి కూర్చున్నాక, నీకు ఎప్పుడు తెలిసిందని అడిగాను. రాజు మొహం నేస్తున్నప్పుడే అన్నాడు. సగం నేసిన జరీ విప్పితే పట్టు పాడవుతుంది, అందుకని కానిచ్చేశానన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదన్నాను. గొంతు లేచింది. నాకు కోపం ఎప్పుడూ రాకూడని మనిషి మీదే వస్తుంది.

"సెప్పింటే నువ్వు ఆ పొద్దు అంగడికి వచ్చిందువా? కండెలు సుట్టుకుంటా ఈడనే కూచుండేదానివి. నాకు మగ్గముండాది. నీకప్పుడు ఏముండాది?"

మాటకు మాట ఇవ్వడంలో ఊళ్ళో నాకు పేరుంది, అప్పుడు మాత్రం నేల మీది కాగితం తీసుకుని లేచాను.

మరుసటి రోజు పొద్దున, టీ వేళకు, గ్రాఫు మడిచి పట్టుకుని టీ అంగడికి పోయాను. ఆ బెంచీల మీద ఆడవాళ్ళు కూర్చునే అలవాటు మా వీధిలో లేదు. నేను కూర్చున్నాను. నాయన ఎదురుగా ఉన్నాడు, వద్దన్నట్టు కళ్ళతో చెబుతున్నాడు. అక్కడున్న అయిదారుగురికీ వినబడేలా, గుర్రాన్ని పడేసింది మా నాయన కాదు, నెంబర్లు తప్పుగా వేసింది నేను అని చెప్పాను. పక్కనున్న ముసలి నేతగాడు, మా నాయన ఈడువాడు, తల ఊపి అందరికీ చెప్పాడు.

"బిడ్డంటే ఇట్లుండల్ల. నాయన తప్పు తన నెత్తిన ఏసుకుంటాండాది సూడండి."

అందరూ అవునవునన్నారు. నాకు ఒళ్ళు మండి గ్రాఫు విప్పి బెంచీ మీద పరిచాను. ముసలాయన దాన్ని చేయి చాచినంత దూరం పెట్టి చూసి, నెంబర్లు నిన్న ఏసినట్లుండాయే అన్నాడు. ఇంకొకడు నాయన భుజం తట్టి, అదృష్టవంతుడివి అన్నా అన్నాడు. నిజం చెబితే నమ్మనివాళ్ళతో ఏం చెయ్యగలం? నేను ఇంకోసారి చెప్పాను, గట్టిగా. వాళ్ళు ఇంకాస్త ప్రేమగా చూశారు.

మాట మార్చడానికి టీ పోసే మనిషి నాయన చేతికి గ్లాసు ఇస్తూ, రోజూ అడిగే మాటే అడిగాడు, గుర్రం లేసిందా అన్నా అని. నాయన గ్లాసు బెంచీ మీద పెట్టాడు. నా వైపు చూశాడు.

"లేసిందప్పా. ఆ పొద్దు అంగట్లోనే లేసింది. మీరే సూడల్యా."

ఆ తర్వాత ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు.